ఉప్పు నీళ్ల ఊళ్లలో ఎలక్ట్రిక్ కెటిల్: ఏ రకం, ఎవరికి

ఎలక్ట్రిక్ కెటిల్ కొనడానికి దుకాణానికి వెళ్లినవారు సాధారణంగా మూడు సంగతులు అడుగుతారు: ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు, ఎంత ధర. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాలలో ఉండేవారు వీటికంటే ముందు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ కెటిల్‌లో రోజూ పోయబోయేవి ఏ నీళ్లు? కర్నూలు నగరంలో కొళాయికి వచ్చే తుంగభద్ర నీళ్లు పోసే ఇంటికీ, అనంతపురం పక్క పల్లెలో బోరు నీళ్లు పోసే ఇంటికీ ఒకే కెటిల్ ఒకే విధంగా పనిచేయదు. మొదటి ఇంట్లో ఏళ్ల తరబడి మెరుస్తూ ఉండే అడుగు, రెండో ఇంట్లో కొద్ది వారాలకే తెల్లని పొర కడుతుంది.

కారణం అందరికీ తెలిసినదే, కానీ కెటిల్ ఎంపికకు అది ఎలా ముడిపడిందో కొంచెం వివరంగా చూడాలి. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ వాయువు పైకి పోగా, నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్ అడుగున మిగులుతుంది. మనం సున్నం పట్టింది అనేది దీన్నే. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కఠినత్వం, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చు. మన బోర్లలో ఈ మొదటి హద్దు దాటనివి వెతుక్కోవలసి వస్తుంది. బిందెలోనో గిన్నెలోనో పట్టిన సున్నాన్ని పీచుతో తోమి వదిలించవచ్చు. కెటిల్ అలా కాదు. దాన్ని నీళ్లలో ముంచకూడదు, బోర్లించి నల్లా కింద తోమకూడదు, మూతి ఇరుకైతే చెయ్యి కూడా లోపలికి పోదు. అందువల్ల మన ప్రాంతంలో కెటిల్ రూపకల్పన బాగుందా లేదా అన్నది, నా అంచనాలో, ముందుగా ఒక్క పరీక్షతో తేలిపోతుంది. మూత తెరిచి, చేతిని లోపలికి పెట్టి, అడుగును వేళ్లతో తాకాలి. చెయ్యి పట్టకపోతే ఆ కెటిల్‌కు ఎన్ని దీపాలున్నా, ఎన్ని వాట్లున్నా పక్కన పెట్టేయవచ్చు.

ఇక్కడే మరో సంగతి. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు నీళ్లు తెచ్చిన నేపథ్యంలో ఆ సమస్య కూడా ఉంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. పోదు. మరిగేటప్పుడు ఆవిరి రూపంలో కొంత నీరు తగ్గుతుంది కనుక మిగిలిన నీటిలో దాని పాళ్లు రవ్వంత పెరుగుతాయి కూడా. కెటిల్ సూక్ష్మజీవులను చంపుతుంది, అంతవరకే. ఉప్పును గానీ ఫ్లోరైడ్‌ను గానీ అది తీయలేదు. ఆర్వో యంత్రమో, నమ్మకమైన క్యాను నీళ్లో ఉన్న ఇంట్లో కెటిల్‌కు కూడా ఆ నీళ్లే పోయడం మంచిది; అప్పుడు ఈ వ్యాసంలో సున్నం గురించి చెప్పిన మాటల్లో సగం మీకు వర్తించవు.

అడుగు, మూతి, లోహం

పాత పద్ధతి కెటిళ్లలో నీటిలోనే మునిగి ఉండే చుట్ట తీగ కనిపిస్తుంది. బకెట్‌లో వేసే వాటర్ హీటర్ రాడ్డును చిన్నది చేసి గిన్నెలో అమర్చినట్లు ఉంటుంది. ఇప్పుడు అంగళ్లలో దొరికే వాటిలో ఎక్కువ భాగం వేడిచేసే భాగాన్ని అడుగు పలక కింద దాచినవి. చుట్ట ఉన్నవి ధరలో తక్కువ, నీళ్లకు నేరుగా వేడి అందిస్తాయి. కానీ మన నీళ్లకు అవి పనికిరావనే చెప్పాలి. చుట్టకూ చుట్టకూ మధ్య సున్నం గట్టిపడిందంటే దాన్ని తీసే సాధనం ఇంట్లో ఉండదు. పైగా చుట్ట ఎప్పుడూ పూర్తిగా మునిగి ఉండాలి గనుక, ఒక్క గ్లాసు టీకి నీళ్లు కావలసినా అర లీటరుకు తక్కువ కాకుండా పోయవలసి వస్తుంది. వేడిచేసే భాగాన్ని దాచిన కెటిల్‌లో అడుగు చదునుగా ఉంటుంది, గుడ్డతో తుడిస్తే శుభ్రపడుతుంది, కొన్నింటిలో పావు లీటరు నీళ్లు పోసినా చాలు. కనీస నీటి గుర్తు ఎక్కడ ఉందో లోపలి గోడ మీద చూసి కొనాలి. ఇంట్లో ఒక్కరే టీ తాగేవారైతే ఈ గుర్తు వాట్ల సంఖ్య కంటే ముఖ్యమైనది.

సున్నం పొర వల్ల కరెంటు విపరీతంగా వృథా అవుతుందని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు. అడుగున పుట్టిన వేడి చివరకు నీళ్లలోకే పోవాలి కాబట్టి పలుచని పొర వల్ల జరిగే నష్టం స్వల్పమే. అసలు చిక్కు వేరు. పొర మందమైనకొద్దీ వేడి నీళ్లలోకి వెంటనే దిగక, అడుగు పలక ఉండవలసిన దానికంటే ఎక్కువ వేడెక్కుతుంది. నీళ్లు లేకుండా స్విచ్ వేసినప్పుడు కెటిల్‌ను కాపాడడానికి పలక కింద ఒక రక్షణ స్విచ్ ఉంటుంది. సున్నం పట్టిన కెటిల్‌లో ఆ స్విచ్ మోసపోయి, నీళ్లు మరగకముందే కరెంటు తెంచేస్తుంది. కెటిల్ మధ్యలోనే ఆగిపోతోందని మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లే ముందు అడుగు ఒకసారి చూసుకోవడం మంచిది.

సున్నం తీయడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు అన్నింటికంటే మేలు. అర లీటరు గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు చెంచాలు కలిపి, పొరను తాకేలా పోసి, అరగంట వదిలేస్తే చిన్న చిన్న బుడగలు వస్తూ పొర విడిపోతుంది. ఆ నీళ్లను గలగలా మరిగించనక్కర్లేదు. బాగా వేడి చేస్తే కాల్షియం సిట్రేట్ అనే మరో తెల్లని పదార్థం అడుగుకు పట్టే అవకాశం ఉంది. తర్వాత రెండుసార్లు కడిగి, ఒక విడత మంచినీళ్లు మరిగించి పారబోయాలి. నిమ్మకాయల రసం కూడా పనిచేస్తుంది, కాస్త నెమ్మదిగా. వెనిగర్ వాసన నాలుగైదు టీల వరకు వదలదు. చింతపండుతో రాగి చెంబు మెరుస్తుంది కానీ కెటిల్‌లో సున్నానికి అది అంత బలమైన మందు కాదు, రంగు కూడా అంటుతుంది. మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ జోలికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. అది సున్నంతో పాటు స్టీలును కూడా తింటుంది.

ఈ పని చేసేటప్పుడు మన వంటిళ్లకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఇక్కడ చాలా ఇళ్లలో వంటగట్టు మీద పరిచేది కడప బండ. నేల మీద బేతంచెర్ల రాయో, తాడిపత్రి రాయో ఉంటుంది. ఇవన్నీ సున్నపురాయి జాతివే. కెటిల్ అడుగున పట్టిన పదార్థమూ, కింద ఉన్న బండలోని ప్రధాన పదార్థమూ ఒకటే కాబట్టి, నిమ్మ ఉప్పు నీళ్లు దాని మీద ఒలికితే బండ నునుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది, అది తుడిస్తే పోయే మచ్చ కాదు. శుభ్రం చేసే పని స్టీలు సింకులో పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. ముక్కు నుంచి నీళ్లు కారే కెటిల్ అయితే ఈ బాధ ఇంకా ఎక్కువ, దాని సంగతి కిందికి వస్తుంది.

లోహం విషయానికి వస్తే, పెట్టె మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని మాత్రమే రాసి ఊరుకున్న కెటిల్‌కూ, 304 గ్రేడ్ అని స్పష్టంగా రాసిన కెటిల్‌కూ తేడా ఉంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవక రకమైన 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. లవణాలు తక్కువగా ఉండే మెత్తని నీళ్లకు రెండూ చాలాకాలం నిలుస్తాయి. క్లోరైడ్ ఎక్కువగా ఉండే ఉప్పు నీళ్లలో మాత్రం 202 రకం మీద, ముఖ్యంగా అతుకుల దగ్గర, గోధుమరంగు చుక్కలు ముందుగా కనిపిస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తేలిపోతుందని కొందరు దుకాణదారులు చూపించే పరీక్షను నమ్మడానికి లేదు. రెండు రకాలూ అయస్కాంతానికి దాదాపుగా అంటుకోవు. పెట్టె మీది రాతే ఆధారం. బోరు నీళ్ల ఇంటికి రెండు మూడు వందలు ఎక్కువైనా 304 తీసుకోవడమే సరైనది.

నీటి మట్టం చూపే పారదర్శక పట్టీ గురించి నా అభిప్రాయం కొంత కఠినంగా ఉంటుంది. చూడడానికి అది సౌకర్యమే. కానీ స్టీలు గోడకు రంధ్రం చేసి, ప్లాస్టిక్ పట్టీని జిగురుతోనో రబ్బరుతోనో అతికించిన చోటు అది. ఏళ్లు గడిచేకొద్దీ నీళ్లు చెమర్చేది ఎక్కువగా అక్కడి నుంచే, సున్నం పట్టి మసకబారేదీ అక్కడే. లోపలి గోడ మీద చెక్కిన గుర్తులు ఉన్న అతుకు లేని కెటిల్ మనకు ఎక్కువ కాలం వస్తుంది. చూపు మందగించినవారు లోపలికి తొంగి చూసి గుర్తు చదవలేరు కనుక, వారి ఇంట్లో ఈ తీర్పు తిరగబడవచ్చు.

స్టీలు, రెండు గోడలు, గాజు, ప్లాస్టిక్

ఒకే గోడ ఉన్న స్టీలు కెటిల్ తేలిక, గట్టి, చవక. దాని లోపం ఒక్కటే, అయితే చిన్నది కాదు: లోపల నీళ్లు మరిగినప్పుడు బయటి గోడ కూడా దాదాపు అంతే వేడిగా ఉంటుంది. గట్టు అందుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఇది నిజమైన ప్రమాదం. రెండు గోడల కెటిల్‌లో లోపల స్టీలు పాత్ర, బయట ప్లాస్టిక్ తొడుగు, మధ్య గాలి ఉంటాయి. బయట చెయ్యి పెట్టినా కాలదు, నీళ్లు కొంతసేపు వేడిగా నిలుస్తాయి, లోపలి పాత్ర సాధారణంగా అతుకు లేకుండా ఉంటుంది. బరువూ ధరా కొంచెం ఎక్కువ. కుటుంబానికి ఒక్క కెటిల్ కొనేవారికి నేను మొదట చూపించేది ఈ రకాన్నే.

గాజు కెటిల్ అందమైన వస్తువు. నీలం దీపం వెలుగులో నీళ్లు మరగడం చూడడం పిల్లలకు సరదా. కానీ బోరు నీళ్ల ఇంట్లో ఆ గాజు మీద ప్రతి చుక్కా తెల్లగా మిగిలిపోతుంది. వారం వారం నిమ్మ ఉప్పు పోసే ఓపిక ఉంటేనే దాని అందం నిలుస్తుంది. ఒక విధంగా అది మేలు కూడా, మురికి దాక్కోదు గనుక. గట్టి బండ మీద తగిలితే పగిలే వస్తువని మరిచిపోకూడదు. ఆర్వో నీళ్లు ఉన్నవారు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

లోపలంతా ప్లాస్టిక్‌తో చేసిన కెటిళ్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తేలిక, చవక, మొదటి రోజుల్లో నీళ్లకు వాసన పట్టుతుంది. వేడి నీళ్లు తాకే చోట స్టీలో గాజో దొరుకుతున్నప్పుడు దాన్ని ఎంచుకోవడానికి కారణం కనిపించదు.

చేతికి ఎలా ఉంటుంది

వాడుక సౌకర్యం అన్నది దుకాణంలో ఖాళీ కెటిల్ పట్టుకుంటే తెలియదు. లీటరున్నర కెటిల్ ఖాళీగా ముప్పావు కిలో నుంచి కిలో వరకు తూగుతుంది. నిండితే రెండున్నర కిలోల దగ్గరికి వస్తుంది, అదీ మరుగుతున్న నీళ్లతో, మణికట్టు వంచి ఒంపవలసిన బరువు. కీళ్ల నొప్పులున్న అవ్వకు ఇది సామాన్యమైన పని కాదు. అలాంటి ఇంటికి లీటరు కెటిల్ కొని రెండుసార్లు కాచుకోవడం, పెద్దది కొని భయపడుతూ ఎత్తడం కంటే ఎంతో నయం. దుకాణంలో మొహమాటపడకుండా ఒక సీసా నీళ్లు అడిగి, అందులో పోసి, ఎత్తి, ఒంపి చూడాలి. ఆ ఒక్క పరీక్షలోనే పిడి, ముక్కు, మూత మూడూ బయటపడతాయి.

పిడికీ కెటిల్ ఒంటికీ మధ్య నాలుగు వేళ్లు కణుపులతో సహా తాకకుండా పట్టాలి. ఒకే గోడ స్టీలులో ఈ సందు ఇరుకైతే వేళ్ల వెనక భాగం కాలుతుంది. పక్కన ఉండే పిడి బరువైన కెటిల్‌కు అనుకూలం. పైన వంపుగా ఉండే పిడి చూపులకు పాతకాలపు టీ కెటిల్‌ను గుర్తు తెస్తుంది కానీ, మూత తెరిచినప్పుడు ఆవిరి తిన్నగా చేతికి తగులుతుంది. ఎడమ చేతివాటం ఉన్నవారు నీటి పట్టీ ఏ వైపు ఉందో కూడా చూసుకోవాలి. కొన్నింటిలో ఒక వైపే ఉంటుంది.

ముక్కు వెడల్పుగా, అంచు పలుచగా, కొస కిందికి కొంచెం వంగి ఉంటే ధార తెగినప్పుడు నీళ్లు వెనక్కి పాకవు. అంచు మందంగా, గుండ్రంగా ఉన్నచోట చివరి చుక్కలు ముక్కు కిందుగా జారి గట్టు మీద పడతాయి. ముక్కులో జాలీ ఉంటే విడిపోయిన సున్నం పెళుసులు గ్లాసులోకి రాకుండా ఆపుతుంది. అది తీసి కడుక్కునేలా ఉండాలి, లేకపోతే జాలీయే సున్నంతో మూసుకుపోతుంది. హంస మెడలా సన్నగా సాగిన ముక్కు కాఫీ పొడి మీద సన్నని ధార పోసేవారి కోసం చేసినది. మన ఇళ్లలో ఫిల్టరు కాఫీకి అంత నాజూకు ధార అవసరం లేదు. లోపల తోమడం అసాధ్యం కనుక మన నీళ్లకు అది అసలే వద్దు.

మూత మూడు రకాలు. పూర్తిగా ఊడి వచ్చేది శుభ్రతకు అన్నిటికంటే మంచిది, కానీ వేడిగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని తీయవలసి వస్తుంది. మీట నొక్కితే స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునేది ఒంటిచేత్తో పని జరిపిస్తుంది, అయితే కొన్నింటిలో అది విసురుగా తెరుచుకుని, మూత అడుగున నిలిచిన వేడి చుక్కలను చిమ్ముతుంది. మీట నొక్కినప్పుడు నెమ్మదిగా లేచి, నిటారుగా తొంభై డిగ్రీల వరకు తెరుచుకునే మూత ఉత్తమం. నలభై అయిదు డిగ్రీల దగ్గర ఆగిపోయే మూతలు కొన్ని ఉన్నాయి. మూతి ఎంత వెడల్పున్నా వాటిలో చెయ్యి దూరదు.

స్విచ్ పనితీరు తెలిస్తే వాడుకలో చాలా చికాకులు తప్పుతాయి. నీళ్లు మరిగి ఆవిరి పుట్టినప్పుడు, మూత దగ్గరి చిన్న రంధ్రం గుండా అది పిడి వైపు దిగి, వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాల పలుచని బిళ్లను వేడి చేస్తుంది. ఆ బిళ్ల టిక్కుమని వంగి కరెంటు తెంచుతుంది. దీనితో తనంతట తాను ఆగే కెటిల్‌ను 1955లో బ్రిటన్‌లో రసెల్ హాబ్స్ సంస్థ కె1 పేరుతో తెచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే ఎన్నో కెటిళ్లలో ఉండే ఈ స్విచ్ భాగాలను ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపానికి చెందిన స్ట్రిక్స్ అనే సంస్థ చేస్తుంది. పెట్టె మీద ఆ పేరు కనిపిస్తే అది మంచి గుర్తే. మూత సరిగా మూయకపోతే ఆవిరి ఆ దారిలో పోదు, కెటిల్ ఆగదు. గరిష్ఠ గుర్తు దాటి నీళ్లు పోస్తే ముక్కు నుంచి వేడి నీళ్లు ఎగజిమ్ముతాయి. స్విచ్ మీట పిడి కింద, అడుగు దగ్గర ఉంటే బొటనవేలితో పైనుంచి నొక్కడం సులువు. దీపం పెద్దదిగా ఉండి, ఆగినప్పుడు చప్పుడు స్పష్టంగా వినబడేది పెద్దవారికి నప్పుతుంది.

కింది బేస్ మీద కెటిల్‌ను ఏ దిక్కుగానైనా పెట్టగలగడం ఇప్పుడు మామూలు సౌకర్యమైపోయింది. తీగ మాత్రం చాలావాటికి ముప్పావు మీటరు చుట్టూనే ఉంటుంది. గట్టు అంచు నుంచి వేలాడి పిల్లల చేతికి అందకుండా ఉండాలనే దాన్ని పొట్టిగా పెడతారు. తీగ అందలేదని ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడడం కంటే సాకెట్ ఉన్నచోటికే కెటిల్‌ను మార్చడం మేలు. మిక్సీకీ కెటిల్‌కూ ఒకే సాకెట్ ఉన్న వంటిళ్లు మనకు ఎక్కువే.

కరెంటు లెక్క

1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. సన్న పిన్నుల సాకెట్ 6 ఆంపియర్లకు ఉద్దేశించినది కనుక, ఇలాంటి కెటిల్‌ను గీజరుకు వాడే 16 ఆంపియర్ల లావు పిన్నుల సాకెట్‌కు పెట్టడమే సరైన పద్ధతి. కొన్ని కంపెనీలు సన్న పిన్నుల ప్లగ్గుతోనే ఇస్తాయి. కొత్త వైరింగు ఉన్న ఇంట్లో అయిదు నిమిషాల వాడుకకు అది చెల్లిపోవచ్చు గానీ, పాత ఇళ్లలో వదులైన సాకెట్ రేకులు వేడెక్కి నల్లబడతాయి. ప్లగ్గు తీసినప్పుడు పిన్నులు వేడిగా తగిలితే ఆ సాకెట్ మార్పించవలసిందే. అద్దె ఇంట్లో లావు పిన్నుల సాకెట్ వంటింట్లో లేకపోతే 1000 వాట్ల కెటిల్ చూసుకోవాలి. అది నాలుగున్నర ఆంపియర్ల లోపే తీసుకుంటుంది.

వాట్లు ఎక్కువైతే త్వరగా కాగుతుందన్నది నిజమే, అయితే ఆ వాట్లు వోల్టేజి మీద ఆధారపడి ఉంటాయి. వేసవి సాయంత్రాల్లో మోటార్లు, కూలర్లు అన్నీ నడుస్తున్నప్పుడు పల్లెల్లో వోల్టేజి 180కి పడిపోతే, 1500 వాట్ల కెటిల్ దాదాపు 920 వాట్ల కెటిల్‌గా మారిపోతుంది. మామూలుగా నాలుగు నిమిషాల్లో మరిగే లీటరు నీళ్లకు ఆరున్నర నిమిషాలు పడతాయి. ఇది కెటిల్ లోపం కాదు. ఇంట్లో వాడే చిన్న ఇన్వర్టరు మీద కెటిల్ నడవదు. ఫ్యాన్లకూ దీపాలకూ అమర్చిన దాని మీద 1500 వాట్లు మోపితే అది ఆగిపోతుంది.

కెటిల్ కొంటే గ్యాసు ఆదా అవుతుందన్న ఆశతో కొనేవారికి ఒక చిన్న లెక్క. లీటరు నీళ్లు మరగడానికి పదో వంతు యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే అరవై పైసలు. అదే పని గ్యాసు పొయ్యి మీద చేస్తే పదీ పదకొండు గ్రాముల గ్యాసు పడుతుంది, 14.2 కిలోల సిలిండరు 850 రూపాయలు అనుకుంటే అదీ అరవై అయిదు పైసల దగ్గరే తేలుతుంది. డబ్బు దృష్టితో చూస్తే రెండూ ఒకటే. కెటిల్ ఇచ్చేది వేగం, తనంతట తాను ఆగిపోయే నిశ్చింత. కావలసిన దానికంటే మూడింతలు నీళ్లు పోసి కాచే అలవాటు ఉంటే ఆ లెక్క కూడా తలకిందులవుతుంది.

పాలు, టీ, నూడుల్స్

మన టీ పాలతో కాచేది, నీళ్లు పోసి పొడి సంచి ముంచేది కాదు. అందుకే కెటిల్ కొన్న మొదటి వారంలోనే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అందులో పాలు పోస్తారు. మామూలు కెటిల్‌కు ఇది హాని. పాలలోని మాంసకృత్తులు వేడి అడుగుకు అంటుకుని మాడుతాయి, నురుగు పొంగి ముక్కులో నుంచి పైకి వస్తుంది, ఆ నురుగే ఆవిరి దారిలోకి దూరి ఎండితే స్విచ్ బిళ్లకు ఆవిరి అందదు. పాలు, టీ, రాగి జావ వంటివి కాచాలనుకునేవారు తిప్పే నాబుతో వేడి తగ్గించుకునే వీలున్న వెడల్పు మూతి బహుళోపయోగ కెటిల్ తీసుకోవాలి. అది నిజానికి మూత ఉన్న చిన్న కరెంటు గిన్నె. గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు, నూడుల్స్ చేసుకోవచ్చు, గరిటె పెట్టి కలపవచ్చు, పూర్తిగా తోమవచ్చు. అయితే వాటిలో కొన్ని మరిగాక తమంతట తాము ఆగవు. ఈ సంగతి కొనేముందే అడిగి తెలుసుకోవాలి. రాగి జావ అందులో కూడా కలుపుతూ ఉండకపోతే అడుగంటుతుంది.

ఉష్ణోగ్రత ఇంత అని అంకెల్లో పెట్టుకునే కెటిళ్లు మామూలు వాటికి రెండు మూడింతల ధర పలుకుతాయి. గ్రీన్ టీకి 80 డిగ్రీల నీళ్లు కావాలంటే మరిగిన నీళ్లను కాసేపు చల్లార్చుకుంటే సరిపోతుంది. పసిబిడ్డకు డబ్బా పాలు కలిపేవారికి మాత్రం అది పనికొచ్చే సౌకర్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పొడిని 70 డిగ్రీలకు తగ్గని నీటిలో కలపమంటుంది, ఆ వేడిని చేత్తో అంచనా కట్టడం కష్టం. కలిపిన పాలను తాగించే ముందు చల్లార్చవలసి ఉంటుందని వేరే చెప్పనవసరం లేదు.

ఎవరికి ఏది

బోరు నీళ్లు వాడే నలుగురైదుగురి కుటుంబానికి రెండు గోడలు, 304 స్టీలు, అతుకు లేని లోపలి పాత్ర, నిటారుగా తెరుచుకునే మూత ఉన్న లీటరున్నర కెటిల్ తీసుకోమని చెబుతాను. రంజాన్ నెలలో తెల్లవారకముందే సహరీకి టీ కాచుకునే ఇళ్లకు కూడా ఇదే నప్పుతుంది, ఎందుకంటే ముందు కాచిన నీళ్లు తర్వాత లేచినవారికి కొంతసేపు వేడిగా ఉంటాయి. వృద్ధులు ఇద్దరే ఉండే ఇంటికి అదే రకంలో లీటరుది, లోపలి గుర్తులు చూడలేకపోతే పట్టీ ఉన్నది.

అనంతపురంలోని శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (ఎస్కేయూ)లోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో హాస్టల్‌లో ఉండే పిల్లలు ముందుగా వార్డెన్‌ను అడగాలి. చాలా హాస్టళ్లు గదుల్లో వేడిచేసే పరికరాలను ఒప్పుకోవు, దాచిపెట్టి వాడితే వైరింగుకే ముప్పు. అనుమతి ఉంటే లీటరు సామర్థ్యం గల బహుళోపయోగ కెటిల్ వారి అవసరాలన్నీ తీరుస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో రోగికి తోడుగా ఉండేవారికి అర లీటరు, 600 నుంచి 1000 వాట్ల మధ్య ఉండే చిన్న కెటిల్ చాలు. అది సన్న పిన్నుల సాకెట్‌కు భారం కాదు, సంచిలో పడుతుంది. అక్కడ కూడా నర్సును అడిగే సాకెట్‌లో పెట్టాలి, పరికరాలకు కేటాయించిన సాకెట్లను ముట్టుకోకూడదు.

కొనే ముందు చివరగా చూడవలసినవి రెండున్నాయి. కెటిళ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 367; పెట్టె మీదో అడుగు మీదో ఐఎస్ఐ గుర్తు ఉందేమో చూడాలి. బేస్ గానీ మూత గానీ పాడైతే విడిగా దొరుకుతాయా, ఆ కంపెనీ సర్వీసు కేంద్రం మీ ఊళ్లో ఉందా, లేక ప్రతిసారీ బెంగళూరుకో హైదరాబాదుకో పంపాలా అని దుకాణదారును అడిగి, ఆయన చెప్పిన మాటను బిల్లు వెనక రాయించుకోవాలి.